బటన్ వదిలాకే జవాబు

సువార్తా, అమ్రాబాద్ అడవిలో ఫోను అందదు కనుక కార్డు రాస్తున్నాను, నేను బాగున్నాను.

"అడవిల జీపు తోలేటోనికి ఏమన్నయితే ఎవ్వరికి తెల్వదు" అని కోపంతో నాతో మాట్లాడటం మానేశావు కదా. మా సఫారీ జీపుల సంఘానికి వాకీటాకీల లైసెన్సు వచ్చింది. అది లేక బీరువాలో పెట్టిన సెట్లను ఇప్పుడు బండ్లలో బిగించారు. మొదటిరోజే నేను బటన్ నొక్కి పట్టుకుని, వేరే జీపులో ఉన్న లింగన్నను అలవాటుగా అడిగాను: "అన్నా, తిన్నవా? పిల్లలు మంచిగున్నరా? వదిన మోకాలు ఎట్లున్నది?" ఒకరు నొక్కి ఉంచితే ఇంకెవరి మాటా రాదట. వదలగానే ఆయన గొంతు వినిపించింది: "తిన్న గని దావీదూ, బండి ఆగిపోయింది. ముంగట ఎలుగుబంటి కూసున్నది. జర రా."

వెళ్లి హారన్ కొట్టి దాన్ని పంపి, జీపును తాడు కట్టి లాక్కొచ్చాను. అందరూ క్షేమం. ఇప్పుడు ముందు పని మాట, తర్వాతే కుశలం అని మాకు నియమం పెట్టారు.

కనుక ముందు పని: నా స్వెట్టర్ బస్సు కండక్టరుకిచ్చి పంపు. వేరుశనగకు నీళ్లు పెట్టారా? చిన్నదాని దగ్గు తగ్గకుంటే దవాఖానకు తీసుకుపో. దానికి ముద్దులు, అత్తమ్మకు వందనాలు.

నువ్వెట్లున్నావు? నేను బటన్ వదిలేశాను, ఇక నువ్వు మాట్లాడు.

నీ దావీదు