మూడో గీత

పిన్నీ,

చదువు మానేస్తానని నాన్నకు చెప్పమని నిన్ను బతిమాలాను కదా, ఇక చెప్పొద్దు.

ఆ రోజు ల్యాబ్‌లో డీఎన్‌ఏని ఎంజైముతో కోసి జెల్‌లో పెడితే, ముక్కకొకటి చొప్పున రావలసిన రెండు గీతలకు బదులు అందరికీ మూడు వచ్చాయి. మిగతావాళ్లు పుస్తకం చూసి రికార్డులో రెండే వేశారు. నేను మూడూ వేశాను. మేడమ్ నా రికార్డు కొట్టేసి చీవాట్లు పెట్టారు. ఆ ఏడుపులోనే నీకు రాశాను.

తర్వాత ఆవిడే మళ్లీ చేసి చూశారట. నిన్న క్లాసులోకి వస్తూనే, "ఎంజైము సీసా మీద పేరు నేనే తప్పు రాశాను. ఈ పిల్ల ఒక్కతే కంటికి కనిపించింది వేసింది. నన్ను క్షమించమ్మా" అన్నారు.

ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి, పిన్నీ! ఆవిణ్ణి వదులుకుని ఎక్కడికి వెళ్లను?

నీ అక్క కూతురు