పాలు పోసిన రేడియో

మహారాజశ్రీ గ్రామ రేడియోల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

ధర్మవరం తాలూకా, తుమ్మగుంటపల్లె కాపురస్థుడు, నేతపని, పంచాయతీ రేడియో సంరక్షకుడు పుల్లన్న వ్రాసుకొన్న అర్జీ.

మంగళవారం, 7 ఆగస్టు 1962

అయ్యా,

విషయం: తమ ఆఫీసు వారు స్వాధీనపరచుకొన్న మా గ్రామ రేడియోను వచ్చే ఆదివారం సాయంత్రం ఆరున్నర గంటలలోపు తిరిగి ఇప్పించుట గురించి. ఆరున్నర దాటిన తర్వాత ఇప్పించినా ప్రయోజనము లేదు గనుక ఆ సంగతి ఇక్కడే వ్రాయడమైనది.

తమకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా, ఇదే సంగతిపై ఇంతకుముందు పంపిన అర్జీలలో ఒక్కదానికి మాత్రం జవాబు వచ్చినది. "తమరి పాత అర్జీ ఆఫీసులో కనిపించనందున దాని నకలు జతపరచి మరల అర్జీ పెట్టుకొనవలెను" అని అందులో ఉన్నది. నా దగ్గర నకలు లేదు. అది తమ దగ్గరే ఉంటుందనుకున్నాను. కాబట్టి మొదటినుంచీ మళ్లీ రాస్తున్నాను.

1. సర్కారు వారు మా ఊరికి రేడియో మంజూరు చేసి, పంచాయతీ గదిలో పెట్టించి, తాళంచెవి నా చేతికి ఇచ్చియున్నారు. వార్తలు, ధరవరలు, రైతులకు సలహాలు వినిపించవలెనని ఉత్తర్వు. వినిపించినాను. చుక్క వాన లేని ఊరికి వరినాట్ల సలహాలు కూడా ఏనాడూ మధ్యలో కట్టేయకుండా వినిపించినాను. అయితే ఊరు ఊరంతా మగ్గాలు దిగి వచ్చి కూర్చునేది మాత్రం ఆదివారం సాయంత్రం వచ్చే 'కొత్త గొంతు' కార్యక్రమానికే. దాన్ని నడిపినవారు సోమప్ప గారు. పామిడిలో పుట్టిన మనిషి, ఉద్యోగం మీద దూరాన పట్నంలో ఉండినారు. ఆయన మొగం మాలో ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం పసిపిల్లలు కూడా గుర్తుపట్టేవాళ్లు.

పేరున్న వాళ్ల పాటలు ఆయన వేసేవారు కాదు. వాళ్ల పాటలు వేయడానికి వేరేవాళ్లు ఉన్నారు కదా అనేవారు. చిలమత్తూరు దిక్కు బస్సు కండక్టరు ఒకడు సగం కన్నడం సగం తెలుగు కలిపి పాడినది, రాప్తాడు దగ్గర చర్చిలో కూలి ఆడవాళ్లు డప్పు మీద పాడినది, ఇట్లాంటివి వెదికి తెచ్చి వేసేవారు. ప్రతి పాటకూ ముందు ఒక్కటే మాట: "ఇది కొత్త పాట. నచ్చకపోతే తిట్టండి. కానీ కడదాకా విని తిట్టండి."

మా ఊళ్లో అందరికంటే ఎక్కువ తిట్టినవాడు పెద్దమనిషి ఈరప్ప. "ఇదేం పాటప్పా, నూనె లేని బండి కూసినట్ల ఉండాది" అనేవాడు. మూడు వారాలు పోయినాక అదే పాట మగ్గం గుంతలో కూర్చుని పాడుకుంటూ దొరికిపోయేవాడు. అడిగితే, "కడదాకా వినమన్నాడు కదా, విన్యా, అంటుకుండాది, నేనేం జేతు" అనేవాడు.

2. మా అక్క ఓబులమ్మ పట్టునూలు కండెలు చుడుతుంది, నేను నేస్తాను. మా బావ పోయినప్పటినుంచి అక్క నా దగ్గరే ఉంది. మూడేండ్లు వరసగా వాన మొగం చాటేసినప్పుడు ఆమె కండెలు చుడుతూ చుడుతూ ఒక పాట కట్టింది.

నీడ మాకేస్తావు, నీళ్లెవరికి పోస్తావు మబ్బా
తోవ తప్పి ఒక్కసారి మా దొడ్లోకి రా మబ్బా

ఇట్లా ఎత్తుకుంటుంది. ఈ సంగతి నేను సోమప్ప గారికి కార్డు రాసినాను. జవాబు రాస్తారేమో అనుకుంటే మనిషే దిగినారు, పోయిన మాఘమాసంలో, రికార్డు చేసే మిషను బస్సు టాపు మీద కట్టించుకొని. చూస్తే బక్కమనిషి. ఆ గొంతు ఈయనదేనా అని హనుమంతమ్మ అవ్వ ఆయన మెడ తాకి చూసింది.

మిషను సిద్ధం చేసుకొని, చప్పుడు కాకుండా మగ్గాలు ఆపమందామా అని ఆయన అడిగితే మా అక్క ఒప్పుకోలేదు.

"మగ్గం ఆడకుంటే నాకు పాట రాదు సామీ. వాడు నేస్తాంటే కట్టినా, వాడు నేస్తాంటేనే పాడతా" అనింది.

"అట్లయితే ఆడనీమ్మా" అన్నారు సోమప్ప గారు. "పుల్లన్నా, ఎక్కి కూర్చో. నువ్వూ ఈ పాటలో ఉండావు."

కాబట్టి ఆ రికార్డులో పాట మా అక్కది, వెనకాల ఆడేది నా మగ్గం అని తమకు తెలియజేసుకొనడమైనది. అయిపోయినాక వినిపిస్తానమ్మా అంటే అక్క వద్దనింది. "ఇప్పుడొద్దు. రేడియోలో వచ్చినప్పుడు అందరితో పాటు కూర్చోని వింటా" అనింది. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఈ అర్జీ రాసే పని నాకు ఉండేది కాదు.

3. తదుపరి సదరు సోమప్ప గారు వైశాఖంలో స్వర్గస్థులైనారు. ఆదివారం సాయంత్రం అందరమూ కూర్చొని ఉంటే వేరే గొంతు వచ్చి, ఆయన శుక్రవారం నాడు గుండెనొప్పితో పోయినారని చెప్పింది. ఆడవాళ్లు ఏడ్చినారు. మగవాళ్లమూ ఏడ్చినాము, దాచేదేమి ఉంది. అంతలో హనుమంతమ్మ అవ్వ వేళ్లు ముడిచి చూసి, "శుక్కురారం పోయినాడంటే ఈపొద్దు మూడోదినం గదరా" అనింది.

మా దిక్కు మనిషి పోయిన మూడోనాడు, ఆ మనిషిని ఉంచిన చోటికి పోయి అయినవాళ్లు పాలు పోస్తారు. పాలు పోయకుంటే పోయినవాడు ఆకలితో వెనక్కి చూస్తూ ఉంటాడని మావాళ్ల నమ్మకం. ఆయన్ను ఏ ఊళ్లో, ఎక్కడ ఉంచినారో మాకు తెలియదు. తెలిసినా పొద్దు గూకేలోపల పోలేము. అప్పుడు అవ్వ అనింది:

"ఆయప్ప మనకు యాడుండె? ఆ పెట్టెలోనే గదా ఉండె. ఆడనే పోయాల."

నేను సంరక్షకుడిగా నా విధి మరువలేదు. అది బ్యాటరీ పెట్టె అవ్వా, లోపల తీగెలుంటాయి, దాని ముందర ఉండే బండ మీద పోద్దాము అని గట్టిగా చెప్పినాను. అందరూ సరే అన్నారు. ఆవులను కరువుకు ఎప్పుడో అమ్ముకున్న ఊరు గనుక మేకలు ఉన్న ఇండ్లకు పోయి, ఉన్నన్ని పిండి, గిన్నెల్లో అడుగు తడిసేంత తెచ్చుకున్నారు. మొదట పోయవలసినది పెద్దవాడు ఈరప్ప. ఆయన బండ దాకా వచ్చి నిలబడినాడు. తర్వాత బండ దాటి పోయినాడు. రేడియోను రెండు చేతులా పట్టుకొని, "ఎన్ని తిట్టినానప్పా నిన్ను" అని, పాలు దాని నెత్తిన పోసినాడు.

పెద్దవాడు పోసిన చోటనే మిగతావాళ్లు పోయాలి, వేరే చోట పోస్తే చెల్లదు. ఇది తమ మాన్యువల్‌లో ఉండకపోవచ్చు. మా ఊళ్లో ఎవరిని అడిగినా చెప్తారు. నేను ఆపలేదు. ఆపి ఉంటే మళ్లీ మా ఊళ్లో నాకు నిప్పు ఇచ్చేవాళ్లు ఉండరు. రేడియో ఒకసారి గరగరమని ఆగిపోయింది.

4. ఆ తర్వాత తమ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, వాసన చూసి, "గుర్తు తెలియని ద్రవము వలన సర్కారు ఆస్తికి నష్టము" అని రాసుకొని రేడియోను బస్సులో వేసుకొని పోయినారు. ద్రవము గుర్తు తెలియకపోవడానికి లేదు, ఊరంతా చెప్పినాము. పిమ్మట నాకు సంజాయిషీ నోటీసు వచ్చినది. ప్రశ్నలు ఇట్లా ఉన్నాయి: సదరు పాలు ఆవువా, మేకవా? సదరు మృతునికీ గ్రామస్థులకూ గల బంధుత్వమేమి? సదరు కర్మను జరుపుటకు ముందుగా అనుమతి ఎందుకు తీసుకొనలేదు?

మేకవి అని రాసినాను. మూడోనాడు అనుమతికి అర్జీ పెట్టుకుంటే జవాబు వచ్చేసరికి సంవత్సరీకం అవుతుందని రాసినాను. ఇది తలబిరుసు జవాబని ఫైలులో చేర్చినట్లు తెలిసినది. బంధుత్వం అన్న చోట ఏమి రాయాలో తోచక ఖాళీగా వదిలేసినాను. ఇప్పుడు రాస్తున్నాను, అక్కడ చేర్చుకోండి. మా పాటలు పాటలేనని మొదట చెప్పినవాడు.

5. ఇక తమ ఆఫీసుకు వచ్చిన సంగతి. మొదటిసారి వస్తే అధికారి గారు క్యాంపు అన్నారు. ఇంకోసారి, రేడియో బీరువాలో ఉంది, బీరువా తాళం ఉన్న గుమాస్తా గారు పెండ్లికి పోయినారు అన్నారు. పెండ్లి అయినాక వస్తే, రేడియో ఇంకా బాగుకాలేదు అన్నారు. ఆ మాట అంటుండగానే లోపల రేడియోలో క్రికెట్టు ఆట చెప్తున్నారు. కిటికీలోంచి చూసినాను. మా రేడియోనే. పాలు పోసిననాడు హనుమంతమ్మ అవ్వ పెట్టిన కుంకుమ ఇంకా పోలేదు.

ఇదేమప్పా అంటే, "టెస్టింగు జరుగుతోంది" అన్నాడు బంట్రోతు.

ఎన్నాళ్లు జరుగుతుందన్నా అంటే, "మ్యాచి అయిదు రోజులు" అన్నాడు.

అయ్యా, నాకు కోపం వచ్చింది. అర్జీలో కోపం రాయకూడదని మా ఊరి కరణం గారు చెప్పినారు, కానీ వచ్చినమాట నిజం. మా ఇంటి మనిషి లెక్కన ఉండి పోయినవాని గొంతు ఉండిన పెట్టె అది. తమవాళ్లు దాని మీద కాఫీ గ్లాసు పెట్టుకున్నారు.

6. అసలు తొందర ఎందుకో ఇప్పుడు మనవి చేస్తాను. పట్టు బేరం చేసే తిప్పన్న పోయిన ఆదివారం ధర్మవరం కాఫీ హోటల్లో ఉండగా రేడియోలో చెప్పినారట. సోమప్ప గారు రికార్డు చేసి పెట్టి, వేయకుండానే పోయిన పాటలను వారానికొకటి వేస్తారట. వచ్చే ఆదివారం తుమ్మగుంటపల్లె ఓబులమ్మ పాట. ఒకసారి వేసిన టేపును చెరిపి వేరేదానికి వాడుకుంటారని కూడా తిప్పన్న ఎవరినో అడిగి తెలుసుకొని వచ్చినాడు.

మరి హోటలుకు పోయి వినవచ్చు కదా అని తమకు తోచవచ్చు. మా అక్కకు చైత్రం నుంచి ఆయాసం. మంచం దిగలేదు. బండిలో కుదిపితే ప్రాణానికే ముప్పు అని డాక్టరు గారు చెప్పినారు. పంచాయతీ గది మా ఇంటికి ఎదురుగానే ఉంది, మంచాన్ని నలుగురం పట్టుకొని అక్కడిదాకా తేగలము. ధర్మవరం తేలేము. ఆమె తన పాటను తాను ఇంతవరకూ వినలేదు. రోజూ పొద్దున లేస్తూనే, "ఒరే, పెట్టె వచ్చిందా?" అని అడుగుతుంది. వస్తుందక్కా అంటున్నాను. నా మాట మీద నాకే నమ్మకం పోయింది.

కావున తమరు దయతలచి, క్రికెట్టు ఆట ముగిసినా ముగియకున్నా, మా రేడియోను ఆదివారం ఆరున్నరలోపు ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను. సోమవారం పొద్దున్నే తిరిగి తెచ్చి తమ బీరువాలో పెడతాను. ఆ తర్వాత నా మీద ఏ చర్య తీసుకున్నా అడ్డు చెప్పను. ఈ అర్జీ తమకు నచ్చకపోతే తిట్టండి, కానీ కడదాకా చదివి తిట్టండి. తమరు చిత్తగించి, చిత్తములోనే ఉంచుకొనక, రేడియో పంపవలెను.

ఇట్లు,
ఆదివారం సాయంత్రం వరకు
తమ విధేయుడు
పుల్లన్న

మళ్లీ రాసేది:
సోమవారం, 13 ఆగస్టు

పై అర్జీ గురువారమే తెచ్చినాను సార్. స్టాంపు అతికించలేదని మీ గుమాస్తా వెనక్కి ఇచ్చినాడు. శుక్రవారం స్టాంపుతో వస్తే మీరు క్యాంపు. శనివారం వస్తే ఆఫీసు తాళం. కాగితం దండగ చేయడం ఇష్టం లేక దీని కిందనే రాస్తాండా.

నిన్న ఆరున్నరకు ఎవరూ పిలవకనే ఊరంతా మా మగ్గం ఇంట్లోకి వచ్చి కూర్చున్నారు. పంచాయతీ గదికి పోయి ఏం చూడాల, ఖాళీ బల్లనా? అక్క దిండుకు ఆనుకోని, "ఇప్పుడు ఆడ వేస్తాంటారు కదరా" అనింది. అవునక్కా అన్నా. "అయితే నువ్వు మగ్గమెక్కు" అనింది.

ఎక్కినా. సోమప్ప లేడు కదా, ఆయప్ప మాట ఎవరో ఒకరు అనాల. ఈరప్ప లేచి అన్నాడు, "ఇది కొత్త పాట. నచ్చకపోతే తిట్టండి. కానీ కడదాకా విని తిట్టండి" అని. ఒక్క మాట తప్పలేదు. నేను మగ్గం ఆడించినా. అక్క ఎత్తుకుంది.

ఒక్క చరణం పాడింది సార్. రెండోది ఎత్తుకోబోతే ఊపిరి అందలేదు. ఆ చరణం మాకెవరికీ రాదు. ఆమె దాన్ని కండెలు చుట్టుకుంటా లోలోపల పాడుకునేది, సోమప్ప టేపు మిషను ముందర ఒక్కసారే పైకి పాడింది. నేను మగ్గం ఆపలేదు. పాట ఎంతసేపుంటుందో నా చేతులకు తెలుసు, అంతసేపూ ఆడించినా. జనం కడదాకా కూర్చోని విన్నారు, ఒక్కరూ లేయలేదు.

ఆపినాక అక్క కండ్లు తుడుచుకోని, "మిగిలింది ఆ పెట్టెలో ఉండాదిరా. చెరపొద్దనీ, ఇంకోసారి వేయమనీ రాయి. ఈసారి నేను వింటా" అనింది. రాసినా. రేడియో స్టేషనుకు మీరొక మాట చెప్పండి. మీ మాటకు స్టాంపు అక్కర్లేదు కదా.

ఆయాసం నిన్నటికంటే ఈపొద్దు ఎక్కువుండాది. రేడియో తొందరగా పంపండి సార్. ఈసారి ఎవరు పోయినా దాని మీద పాలు పోయము.