నీ పట్టు నాకొచ్చింది, యాకూబ్

యాకూబ్,

ఖబరస్తాన్ల నీకు మట్టిచ్చి ఇయ్యాల్టికి ఏడాదైంది. నేను కుస్తీ ఇడువలే. రోజూ పొద్దుగాల మన కరీంనగర్ తాలీంకు పోతున్న. నువ్వు నన్ను వీపు మీదికెళ్లి ఇసిరేసే ధోబీపాట్ ఉన్నదిగద, దాన్ని ఒక్కన్నే నేర్చుకున్న. నీలెక్క జోడీ దొరకలే, అందుకే గోనెసంచిల ఇసుక నింపి దాన్నే ఎత్తేస్తుంటి. మొదట్ల సంచి నా మీదనే పడుతుండె. నెలనెలకు జర జర కుదిరింది.

నిన్న వేములవాడ జాతరల జగిత్యాల పహిల్వాన్‌ను గా పట్టుతోనే పడగొట్టిన.

"శభాష్! అచ్చం యాకూబ్ లెక్కనే ఏసినవ్ బిడ్డా," అన్నడు మన ఉస్తాద్. జనమంత ఈలలేసిండ్రు.

నాకు మాత్రం నవ్వు రాలే. పదేండ్లు నీ చేతుల కింద పడ్డోన్ని. నువ్వు మల్ల రావని ఎరికే, అయినా ఒక్కసారన్న నువ్వు కిందపడి, మట్టి దులుపుకుంట లేసి, "ఇగ నీకొచ్చిందిరా," అంటవని నేర్చుకున్న.