నీ దొన్నెలో పాయసం

అమ్మమ్మా,

నువ్వు పోయి ఏడాదైన సందర్భంగా మన ఇంటి కడుపు వార్తలు సవినయంగా విన్నవించుకుంటున్నాను.

అక్క కూతురు చిట్టికి రోజూ కడుపునొప్పి వచ్చేది. అది బడి మానేసి మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఊరి గురువు మంత్రించి తాడు కట్టాడు. డిగ్రీ చదివిన నేను నులిపురుగుల మాత్ర వేశాను. నొప్పి మా ఇద్దర్నీ సమానంగా చూసింది.

చివరికి పాడేరులో డాక్టరమ్మ, "పాలు పడటం లేదేమో, కొన్నాళ్ళు ఆపి చూడండి" అంది. పిల్లకు బలమని అక్క సంతలో పాలపొడి కొని కలిపి పట్టేది మరి. నాకు నువ్వే గుర్తొచ్చావు. మన కొండమీద ఆవుల్ని పితకరు కదా. చిన్నప్పుడు నేను పాలు అడిగితే, "అవి దూడవిరా గుంటడా! నీకేటి, తోకుందా?" అనేదానివి.

పాలు ఆపాక చిట్టి చోడి అంబలి (డాక్టరమ్మ భాషలో రాగిజావ) తాగి బడికి పరిగెడుతోంది. దొంగతనంగా పాలకోవా తిన్నరోజు మాత్రం దాని కడుపే మాకు చెప్పేస్తుంది.

ఈరోజు నీకు అడ్డాకులో అన్నం పెట్టాం. పక్కన దొన్నెలో అక్క పాయసం పోసింది. చిట్టి ఆ దొన్నె లాగేసింది.

"ఏటే గుంటా, అది తాతమ్మదే!" అంది అక్క.

"పాలున్నాయమ్మా! తాతమ్మకి కడుపు నొప్పొత్తాది. అక్కడ డాక్టరమ్మ ఉందేటి?"

 అక్క ఇంకో దొన్నె తెచ్చింది. చిట్టి ఒలకకుండా అంబలి పోసి నీ ముందు పెట్టింది.

పాయసం పారబోయడం పాపమని నేనే తాగేశాను. తోక ఇంకా రాలేదు.