జెండాలు ఇంకా తేలలేదు

ఏప్రిల్ 3, బుధవారం

సైన్యాలు రెండూ సిద్ధం. జెండాలే తేలలేదు. నా బల్ల మీద బ్రియన్ రాజు మన్‌స్టర్ సైన్యం, నా స్నేహితుడు లోర్కన్ ఇంట్లో దానితో తలపడే లైన్‌స్టర్ సైన్యం. చిటికెన వేలంత సీసపు బొమ్మలు. వెయ్యేళ్ళ కిందట మా ఐర్లండ్‌లో జరిగిన క్లోంటార్ఫ్ యుద్ధం ఇరవయ్యో తారీఖున మా ఊరు ఎన్నిస్ చర్చి హాల్లో ఈ బొమ్మలతో ఆటగా మళ్ళీ జరగాలి. అది అయిపోగానే లోర్కన్ దేశానికి ఆ చివరనున్న వెక్స్‌ఫర్డ్ వెళ్ళిపోతాడు. ఇక అక్కడే. యాభై ఎనిమిదేళ్ళకి పెళ్ళి. ఆవిడ పేరు అసంప్టా, చేపల దుకాణం ఉందిట. కంగ్రాచ్యులేషన్స్ చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 6, శనివారం

పోస్టులో జెండాల షీటు వచ్చింది. మూడు సింహాలు, ఒక హార్ప్ వాద్యం, ఒక ఎర్ర చెయ్యి. సింహాలు ఇంగ్లండ్ నించి నార్మన్లు దండెత్తి వచ్చాక మనకి అంటుకున్న జబ్బు. అప్పటికి బ్రియన్ పోయి నూటయాభై ఏళ్ళు. హార్ప్ ఇంకా తర్వాత. షీటు చింపేశాను.

లోర్కన్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఒరే టైగ్, వచ్చేవాళ్ళలో సగం మంది బిస్కెట్ల కోసం వస్తారు, జెండా మీద సింహముంటే ఏంటి పిల్లి ఉంటే ఏంటి, ఏదో ఒకటి అంటించి పారెయ్యమన్నాడు. మనిషికి సిగ్గు లేదు.

ఏప్రిల్ 9

శిలువ వేశాను. చెరిపేశాను. అడవిపంది వేశాను. పందిలా లేదు.

ఏప్రిల్ 11, గురువారం

లోర్కన్ తన జెండాలు తెచ్చాడు. ఊదా, బంగారు పసుపు. ఏ ఆధారంతో వేశావని అడిగాను. చూడముచ్చటగా లేవా అన్నాడు. అవి కర్రా బంతీతో హర్లింగ్ ఆడే వెక్స్‌ఫర్డ్ టీమ్ జెర్సీ రంగులు. పన్లో పని, కత్తులు తీసేసి హర్లింగ్ కర్రలు కూడా ఇవ్వకపోయావా అన్నాను. వాడు నా బల్ల దగ్గరికి వెళ్ళి, అక్కడ ఆరుతున్నవి చూసి, మరి ఇవేంట్రా అన్నాడు. కుంకుమపువ్వు రంగు, నీలం. నాకే తెలీకుండా మా క్లేర్ జిల్లా టీమ్ జెర్సీ రంగులే వేసి కూర్చున్నాను.

వాడు కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను గానీ ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ మొదటికొచ్చాం.

ఏప్రిల్ 14, ఆదివారం

లోర్కన్‌కి ఫోన్ చేసి ఆట మే నెలాఖరుకి జరుపుదామన్నాను. జెండాలు సరిగ్గా లేకుండా నలుగురి ముందు పెడితే పరువు పోతుందన్నాను. నీకు కావాల్సింది జెండా కాదురా, వాయిదా అన్నాడు. ఇరవైన జరక్కపోతే ఇంకెప్పుడూ జరగదని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

నిజమే. ఇరవై ఏళ్ళుగా ప్రతి గురువారం మా వంటింటి బల్ల మీద ఈ బొమ్మలతో ఇద్దరం కొట్టుకు చస్తున్నాం. జెండాలు అయితే ఆట అవుతుంది, ఆట అయితే వాడు పోతాడు. వాడు పోవడం నాకిష్టం లేదు. రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ అసంప్టా గయ్యాళిదై ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను.

ఏప్రిల్ 15

ఒక చోట కూర్చోలేకపోతున్నాను. నది ఒడ్డుకి వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. నువ్వు తిరిగే తిరుగుడుకి కార్పెట్ అరిగిపోతోంది, వాడేం చచ్చిపోవడం లేదు, వెక్స్‌ఫర్డ్ పోతున్నాడంతే అంది మా ఆవిడ బ్రైడీ. ఆవిడకేం తెలుసు అనబోయాను. ఆవిడకే తెలుసు.

ఏప్రిల్ 17, బుధవారం

పాత రాతల్లో ఆ రోజు జెండాల గురించి ఉన్నవి రంగులే. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. వాటి మీద ఏ బొమ్మలున్నాయో ఒక్క ముక్క లేదు. ఈ సంగతి నాకు మొదటి రోజునించీ తెలుసు. ఒక పూట పని. పాత దిండు గలీబు కోసి, ఒక్కో ముక్కకి ఒక్కో రంగు వేశాను. లైన్‌స్టర్ వాళ్ళవీ నేనే చేసి పట్టుకెళ్ళి ఇచ్చాను. బావున్నాయిరా, ఊదా ఒక్కటైనా ఉండనీ అన్నాడు లోర్కన్. ఆధారం లేదు. ఉండనిచ్చాను.

ఏప్రిల్ 20, శనివారం

వాడే గెలిచాడు. బ్రియన్ గుడారం దాకా వచ్చేసింది ఊదా జెండా. అసలు యుద్ధంలో గెలిచింది బ్రియన్ సైన్యం. చరిత్ర తలకిందులైంది, నాకు కోపం రాలేదు.

అసంప్టా వచ్చింది. ఈ జెండాల మీద బొమ్మలేం లేవేమండీ అని అడిగింది. మొదలుపెట్టాను. ఆపకుండా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, ఇంకో ప్రశ్న వేసింది. మంచి మనిషే. ఏం చేస్తాం.

ఏప్రిల్ 22, పొద్దున

పూర్వం ఇక్కడ సైన్యం బయలుదేరేముందు పాదిరి ఒకడు పవిత్రమైన పెట్టె మెడలో వేసుకుని ఆ సైన్యం చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసేవాడు, వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని. లోర్కన్ వ్యాన్ చుట్టూ నేను తిరిగాను. ఏం చేస్తున్నావురా అన్నాడు. టైర్లు చూస్తున్నానన్నాను. రెండో చుట్టులో వాడు ఇంజన్ ఆపేశాడు. మూడోది పూర్తయ్యేదాకా కదల్లేదు.