సగం అద్దం

చెన్నై

అయ్యకు, అమ్మకు దండాలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? అప్పా, ఇంటికి పెద్దకూతురివి, ఈ ఉత్తరం అయ్యకి నువ్వే గట్టిగా చదువు. తిట్లు వచ్చిన చోట గొంతు తగ్గించకు. ఫోన్ చేస్తే "సర్లేరా, తిన్నావా?" అని పెట్టేస్తున్నాడు. అందుకే రాస్తున్నాను.

తిన్నాను. హాస్టల్లో చేపల పులుసు అంటారు గాని, ఉప్పూ ఉండదు, కారమూ ఉండదు. ఉక్కపోత మాత్రం మన ఊరిలాగే.

అయ్యా, ఏం పని చేశావు? నిన్న బీచ్‌కి పోయి, సూర్యుడి ఎత్తు కొలిచే నా సెక్స్టెంట్ కంటికి పెట్టుకుంటే సముద్రపు గీత కనపడలేదు. అద్దం నిండా ఆకాశమే. అప్పని అడిగితే అప్పుడు చెప్పింది. నేను సెలవుకి వచ్చినప్పుడు, స్నేహితుడి పెళ్ళికి పోయిన రోజు, గంగమ్మ పూజకని వలలూ ఇంజనూ కడుగుతూ నా సెక్స్టెంట్ పెట్టె కూడా తెరిచావట.

"సగం రసం పోయిన అద్దం అంటగట్టీసినాడే ఆ కొట్టోడు! మనోడు సూసుకోనేదు," అన్నావట. శ్రీకాకుళం తీసుకుపోయి, ఫొటోలకి ఫ్రేములు కట్టే వాడిచేత మొత్తం రసం పూసిన కొత్త అద్దం వేయించావు. పైగా దానికి పసుపూ బొట్టూ!

రసం పోలేదు అయ్యా. ఆ అద్దానికి రసం సగమే ఉండాలి. సగంలో సూర్యుడు, మిగతా సగం గాజులోంచి సముద్రం కనపడాలి. రెండూ కలిస్తేనే లెక్క. నేను మోసపోలేదు. ఇక్కడ హార్బర్ పక్కన పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, తిప్పి తిప్పి చూసి కొన్నాను. ఉప్పుగాలి తగిలిన ప్రతిసారీ మెత్తటి తోలుగుడ్డతో తుడిచాను. అద్దం మీద వేలు పడనివ్వలేదు.

వచ్చే నెల ఓడ ఎక్కాలి. సూర్యుణ్ణి చూసి ఓడ ఎక్కడుందో చెప్పగలిగితేనే కెప్టెన్ సంతకం పెడతాడు. అది లేకపోతే ఆఫీసర్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఓడలో ఉన్న సెక్స్టెంట్‌ని పెద్దాఫీసరు మాలాంటి ట్రైనీల చేతికివ్వడు. ఇదొక్కటే నాకు దిక్కు.

నీ వల మీద పరాయి చెయ్యి పడితే ఊరంతా వినపడేలా అరుస్తావు. నా పనిముట్టు ముట్టుకునే ముందు నన్నొక్క మాట అడగలేకపోయావా? కొడుకు సంపాదించుకున్న వస్తువు బాగుందో లేదో కొడుక్కి తెలియదా? అద్దం పోయినందుకు కంటే దీనికే ఒళ్ళు మండుతోంది.

ఈ రకం అద్దం ఇప్పుడు రావడం లేదట. పాతది తెస్తే బిగిస్తానని ఇక్కడి రిపేరు ఆయన అన్నాడు. ఆ ఫ్రేముల కొట్టుకి నువ్వే పో. చెత్తబుట్టలో ఉన్నా సరే, వెతికించు. దొరికితే పాత గుడ్డలో చుట్టి నువ్వే రైలెక్కి రా. పార్సిల్ చేయకు.

దొరక్కపోయినా రా. నీ ఎదురుగా నిలబడి అరిస్తే గాని నా కోపం తీరదు.

అమ్మకి, అప్పకి, బావకి నా దండాలు. కోపంలో ఉన్నా మీ దీవెనలు కావాలి.

నీ చిన్నోడు
అప్పలరాజు