నలభై జీబీల జాగ

బుధవారం, సాయంత్రం

ప్రియమైన వెన్నెలకు,

నువ్వు షాపుకెల్లి వచ్చేసరికి నేను నైట్ డ్యూటీకి పోతా, నేనొచ్చేసరికి నువ్వు పోతవు. ఫోన్ల మాట్లాడితే కొట్లాట అయితంది. గందుకే ల్యాప్‌టాప్ మూతల చీటీ పెడ్తున్న.

ఈ ల్యాప్‌టాప్ నన్ను సంపేటట్టున్నది. దాని లోపల ఒక్క వర్చువల్ మిషన్ ఆన్ చేస్తే నడుస్తది, రెండోది ఆన్ చేస్తే ముక్కుతది, మూడోది పెట్టంగనే మౌస్ బాణం ఆడికాడనే బిగుసుకపోతది. గాలి ఆడుతదని కింద ఇడ్లీ ప్లేటు పెట్టిన, టేబుల్ ఫ్యాన్ దాని మొకానికే తిప్పిన. ఉడుకంతా నాకే. సోమవారం బంజారా హిల్స్‌ల ఇంటర్వ్యూ ఉన్నది గద, సొంతంగ కట్టుకున్న మూడు మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడేటట్టు వాళ్ల ముందట నడిపియ్యాలె. మూడింటినీ మొదటికెల్లి నేనే కట్టిన, అందుల ఫికర్ లేదు. నడిస్తే సాలు. ఈ నైట్ డ్యూటీల ఇంకో ఏడాది గడిపితే నేను మనిషిగ మిగల. నాకు ఈ ఉద్యోగం దొరకాలె.

అన్నం, పప్పు వండి పెట్టిన. పప్పుల ఉప్పు జర ఎక్కువైంది.

నీ కమలాకర్

గురువారం, పొద్దున

ప్రియమైన బావకు,

ఉప్పు జర కాదు, మస్తు! పెరుగు కలుపుకొని ఎట్లనో తిన్న.

ఒక్కొక్క మిషన్‌కు రెండేసి జీబీల మెమొరీ ఇచ్చినవు, ఉన్నదే ఎనిమిది. ఇంక ల్యాప్‌టాప్‌కేం మిగుల్తది, బూడిదా? ఆ రంగుల బొమ్మల స్క్రీన్లు మూడింటికీ తీసెయ్. ఒట్టి నల్ల స్క్రీన్ల అక్షరాలతోని నడుపు, ఒక్కొక్క జీబీ సాలు.

నిన్న అత్తమ్మ ఫోన్ చేసింది. "గా ఒక్క డబ్బల మూడు కంప్యూటర్లు ఎట్ల పడ్తయే?" అని అడిగింది. "అవి ఉత్తుత్తి కంప్యూటర్లు అత్తమ్మా, లోపల ఉన్నట్టు నటిస్తయి. తిండి మాత్రం నిజంగనే తింటయి" అన్న. "మా ఇంటి అల్లుళ్ల లెక్క" అని ఒక్కటే నవ్వుడు.

బావా, ఒక్క మాట. ఆ కంపెనోళ్లు కోర్సు చేసి మధ్యల ఆపేసినోళ్లను తీస్కుంటరా? పెండ్లికి ముందు అమీర్‌పేటల నేను సుత నువ్వు చేసిన కోర్సే చేసిన గద. అప్పుడు కట్టిన మిషన్ ఇంకా ఈ ల్యాప్‌టాప్‌లనే ఉంచుకున్న. సాయంత్రం నువ్వు పోయినంక జరసేపు దాన్ని తెరుస్త, చెయ్యి మర్చిపోకుండ. ఊకెనే అడుగుతున్న.

నీ వెన్నెల

గురువారం, సాయంత్రం

ప్రియమైన వెన్నెలకు,

నువ్వు చెప్పినట్టే చేసిన, మూడూ లేచినయి! ఎగిరి గంతేసిన. ఆ సంబురం ఎంతసేపు, చాయ్ తాగి వచ్చేసరికి డిస్కుల జాగ నిండిందని మూడూ ఆగినయి. చూస్తే నీ మిషన్ ఒక్కటే నలభై జీబీలు మింగి కూసున్నది. నేనే తీసేద్దామని చూస్తే ఏదో ఎర్రర్ ఇచ్చింది. నీది గద, నువ్వే తీసెయ్.

ఇప్పుడు నీకదెందుకే? పంజగుట్ట షాపుల బిల్లింగ్ కౌంటర్ మంచిగనే ఉన్నది, ఏసీల కూసుంటవు. ఇద్దరం గిదే పట్టుకొని కూసుంటే ఇల్లు ఎట్ల నడుస్తది? కోపం చేసుకోకు. నాకు జాగ కావాలె, గంతే.

నీ కమలాకర్

శుక్రవారం, పొద్దున

బావకు,

అడగకుండనే తీసెయ్యబోయినవన్నమాట. ఎర్రర్ వచ్చింది గాబట్టి నాకు చెప్పినవు. రాకపోతే చెప్తుంటివా?

నాకు ఎర్రర్ గిర్రర్ ఏం అడ్డం పడలే. నా మిషన్ ఫోల్డర్ మొత్తం లేపేసిన, రీసైకిల్ బిన్ సుత ఖాళీ చేసిన. నలభై జీబీలు తీస్కో, కాళ్లు సాపుకొని పండుకో. నేను పోయి ఏసీల కూసుంట.

వెన్నెల

శుక్రవారం, సాయంత్రం

వెన్నెలా,

ఏం చేసినవే నువ్వు? మూడు మిషన్లల్ల ఒక్కటి సుత లేస్తలేదు!

మనకు కోర్సు చెప్పిన హనుమత్ప్రసాద్ సార్‌కు ఫోన్ చేసిన. "కాపీ చేసేటప్పుడు జాగ తక్కువ పడుతదని లింక్ పెట్టి చేసినవు. అది పూర్తి కాపీ కాదయ్యా. కింద అసలుది ఉంటేనే పైవి నిలబడ్తయి. అందుకే ఆ ఎర్రర్ ఇచ్చి నిన్ను తియ్యనియ్యలే. ఇంతకూ దేన్ని కాపీ చేసినవు?" అన్నడు.

నీదాన్నే కాపీ చేసిన. చాలా దినాలు కొట్టుకున్న, నాతోని నెట్‌వర్క్ కలవలే. నీదాంట్ల అన్నీ కుదిరి ఉండె. నీకు చెప్తే చిన్నతనమైతదనిపించింది.

నువ్వు తెల్సే చేసినవు గద? నా మీద కసి తీర్చుకున్నవు. సోమవారం ఏం మొకం పెట్టుకొని పోవాలె నేను? ఇంటికి రాబుద్ధి అయితలేదు. డ్యూటీ అయినంక కృష్ణానగర్‌ల మా దోస్తు ప్రమోద్ రూంకు పోత.

కమలాకర్

ఆదివారం, సాయంత్రం

ప్రియమైన బావకు,

నిన్ను కలుద్దామని నేనే కృష్ణానగర్ దాకా వచ్చిన. నువ్వు పండుకున్నవని ప్రమోద్ అన్న చెప్పిండు. లేపొద్దన్న. ఇక్కడే మెట్ల మీద కూసొని ఈ చీటీ రాసి ఆయన చేతికే ఇస్తున్న.

నేను కసి తీర్చుకోలే. నీవి నాదాని మీద నిలబడ్డయని నాకేం తెల్సు? మొదటికెల్లి నేనే కట్టిన అని రాసింది నువ్వు, నమ్మింది నేను. నీ మూడు పోయినయని గంత కోపం చేసినవు. నాది పోయిందని ఒక్క ముక్క రాసినవా? దాన్ని తుడిచినంక షాపుకు పోయేదాకా దాని ముచ్చటే బావా. మస్తు ఏడ్చిన.

శనివారం షాపుకు సెలవు పెట్టి మళ్ల మొదలువెట్టిన. ఆ దరిద్రపు ల్యాప్‌టాప్ బిగుసుకపోయినప్పుడల్లా తిట్టుకుంట, బటన్ వొత్తి సంపుకుంట, మళ్ల లేపుకుంట కట్టిన. ఇయ్యాల మధ్యాహ్నం మూడు మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడినయి. ఒక్కదాన్నే రూంల చప్పట్లు కొట్టిన.

ఇంకోటి చెప్పాలె. గురువారం నేను ఊకెనే అడగలే. అదే కంపెనీకి నేను సుత అప్లై చేసిన, రేపు పొద్దున నన్ను పిలిచిన్రు. నీది మధ్యాహ్నం. నీకు చెప్పేటందుకే ఆ మాట ఎత్తిన. నువ్వు ఏసీ ముచ్చట రాసినవు, ఇంక నీకు చెప్పబుద్ధి కాలే.

ల్యాప్‌టాప్ నేను తీస్కపోతున్న. నాది అయినంక వాళ్ల గేటు కాడ ఆగుత, నీ చేతికిస్త. లోపలున్నయన్నీ ఎట్ల కట్టిన్నో అక్కడ నిలబడే నీకు చెప్త, సగమన్న నీకు అర్థమైతది, నువ్వు మొద్దువేం కావు. కానీ పొద్దున చూసిన మిషన్లే మధ్యాహ్నం సుత చూస్తరు వాళ్లు. ఎవరు కట్టిన్రు అని అడుగుతరు. నన్ను అడిగితే నేను కట్టిన అనే చెప్త. నిన్ను అడిగితే ఏం చెప్తవో నువ్వే ఆలోచించుకో.

పోస్టు ఒక్కటే ఉన్నదంట. అయినా రా.

నీ వెన్నెల